గోకొద్దు... దాచొద్దు!

మొక్క తగిలి ఒంటి నిండా దద్దుర్లు. కడుపులో బిడ్డ. మందు రాస్తే బిడ్డకేమవుతుందోనని భయం. రాయకపోతే రాత్రంతా జాగారం. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు?

ఏడో నెల. పుట్టింటికొచ్చి వారమైంది. పొద్దున్నే నాలుగడుగులు వేస్తే మంచిదన్నారని పెరట్లో నడుస్తోందా అమ్మాయి. ప్రహరీగోడ పక్కన చిన్నచిన్న తెల్లపూలతో మొక్కలు మోకాలెత్తున పెరిగి కనిపించాయి. ఊరికే ఉండలేక చేతికందినవి పీకి పారేసింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ బాగానే ఉంది. ఆ రాత్రి మొదలైంది... దురద. తెల్లారేసరికి ముంజేతుల మీద, మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు. వాటి మీద సన్నటి నీటిపొక్కులు. కనురెప్పలు కూడా కాస్త ఉబ్బాయి.

ఇంట్లో సభ మొదలైంది.

''కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాయండే, చిటికెలో పోతుంది'' అంది అమ్మమ్మ.

''మొన్న మావాడికి మందులషాపులో ఓ ట్యూబు ఇచ్చాడు. రెండ్రోజుల్లో మాయం. మిగిలింది ఉంది, తెచ్చిస్తానుండు'' అంది పక్కింటి పిన్ని.

''వద్దొద్దు... కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వద్దు. నాలుగు రోజులు ఓర్చుకో తల్లీ'' అంది అమ్మ.

ముగ్గురిదీ ప్రేమే. కానీ ముగ్గురి సలహాలోనూ లోపముంది. కర్పూరం, ఊరూపేరూ తెలియని ట్యూబు, మౌనంగా ఓర్చుకోవడం... ఈ మూడూ గర్భిణికి మంచివి కావు. వీటికి నాలుగో దారి ఒకటుంది. చవకైనది, సులువైనది, బిడ్డకు భయం లేనిది.

తెల్లపూల వయ్యారి

ఆ అమ్మాయి పీకింది వయ్యారిభామ. మనవాళ్లు కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. 1950ల్లో పుణె దగ్గర మొదట కనిపించింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి వచ్చిందంటారు. ఇప్పుడు మన రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద ఎక్కడ చూసినా అదే. దీని ఆకుల్లో, కాండంలో, పూలలో ఉండే పార్థెనిన్ అనే రసాయనం కొందరి చర్మానికి అస్సలు పడదు. ఎండిన మొక్క పొడి గాలిలో ఎగిరి వచ్చి పడినా చాలు... ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మండిపోతాయి. ఏళ్ల తరబడి ఈ మొక్క మధ్యే తిరిగినా ఏమీ కానివాళ్లకు ఓ రోజు హఠాత్తుగా మొదలుకావచ్చు కూడా.

దురద పెట్టే మొక్కలు మనకింకా ఉన్నాయి. దూలగొండి కాయల మీది నూగు ఒంటికి తగిలిందంటే క్షణాల్లో దురద. కందగడ్డ, చేమదుంప తొక్క తీస్తే చేతులు జిలపెడతాయి. కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకోవడమే కారణం. ఇక కడుపుతో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన పుల్లమామిడికాయ సంగతి... ముచ్చిక తుంచగానే చిమ్మే సొన పెదవుల చుట్టూ, బుగ్గల మీద పొక్కులు తెప్పించగలదు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లనడిగితే పిక్క తొక్కలోని నూనె చేతుల్ని ఎలా కాలుస్తుందో చెబుతారు. దిష్టికని ఇంట్లో ఉంచే నల్లజీడి గింజ రసమూ అంతే.

అమెరికాలో ఉంటున్న మన అమ్మాయిలకు మరో శత్రువు ఉంది. పేరు పాయిజన్ ఐవీ. ఒక్కో కాడకు మూడేసి ఆకులుండే తీగ. ఇదీ మన మామిడి, జీడి కుటుంబానిదే! అందుకే దాని తైలం పడనివాళ్లకు మామిడి తొక్క, సొన కూడా పడకపోవచ్చు. అమ్మాయి కాన్పుకని వెళ్లి, పెరడు బాగుచేద్దామని చేతులు పెట్టే అమ్మలూ జాగ్రత్తపడాల్సిందే.

రెండ్రోజులు ఆలస్యంగా ఎందుకు?

దూలగొండి, కంద దురద వెంటనే మొదలవుతుంది. వయ్యారిభామ, జీడి, పాయిజన్ ఐవీల దద్దుర్లు అలా కాదు. ఇవి అలర్జీ. చర్మంలోకి దిగిన రసాయనాన్ని ఒంట్లోని రక్షణ కణాలు శత్రువుగా గుర్తుపట్టి దాడికి దిగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే చాలామంది మొక్క సంగతే మరచిపోయి ''నిన్న తిన్న వంకాయకూర పడలేదేమో'' అనుకుంటారు.

ఇక్కడ గర్భిణులు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ దద్దుర్లు చర్మానికి పరిమితం. కడుపులో బిడ్డకు పాకవు. పొక్కు చితికితే కారే నీటి వల్ల మరోచోటికి అంటుకోవు, పక్కవాళ్లకీ అంటుకోవు. ఇవాళ చేతిమీద, రేపు పొట్టమీద వస్తే ''పాకుతోంది'' అనుకుంటాం. నిజానికి ఆ రసాయనం ఎక్కువ తగిలినచోట ముందు, తక్కువ తగిలినచోట తర్వాత బయటపడుతుందంతే. గోళ్ల సందుల్లో, చీర కొంగుకు, చెప్పులకు, పెంపుడు కుక్క వెంట్రుకలకు అంటుకున్న తైలం మళ్లీ మళ్లీ తగిలినా కొత్త దద్దుర్లు వస్తాయి.

అంటే బిడ్డకు ముప్పు మొక్క నుంచి కాదు. మనం చేసే వైద్యం నుంచే రావచ్చు. చేయించుకోని వైద్యం నుంచీ రావచ్చు.

ముందు నీళ్లు, తర్వాతే మందులు

కడగడం: మొక్క తగిలిందని తెలియగానే సబ్బుతో, చల్లటి నీళ్ల ధార కింద కడుక్కోవాలి. పది, పదిహేను నిమిషాల్లోపు అయితే మేలు ఎక్కువ. ఆలస్యమైనా సరే కడగాల్సిందే. పీచుతో తోమకూడదు. గోళ్ల కింద మరచిపోవద్దు. కట్టుకున్న బట్టల్ని విడిగా ఉతకాలి. దూలగొండి నూగు తగిలితే మాత్రం నీళ్లకన్నా ముందు చేయాల్సిన పని ఉంది. రుద్దకుండా, అతుక్కునే టేపును ఆ చోట అంటించి మెల్లగా లాగాలి. నూగు టేపుతో వచ్చేస్తుంది. ఆ తర్వాతే కడగాలి.

చల్లటి గుడ్డ: మెత్తటి నూలుగుడ్డను చల్లటి నీళ్లలో తడిపి, పిండి, దద్దుర్ల మీద పదిహేను ఇరవై నిమిషాలు వేసి ఉంచాలి. రోజుకు నాలుగైదుసార్లు. ఖర్చులేని ఈ చిట్కా చాలామందికి నిద్ర తెప్పిస్తుంది. ఐసుముక్కను నేరుగా చర్మం మీద పెట్టకూడదు. వేడినీళ్లు పోసుకుంటే ఆ కాసేపు హాయిగా ఉంటుంది కానీ తర్వాత దురద రెట్టింపవుతుంది.

కాలమైన్ లోషన్: లేత గులాబీరంగులో ఉండే ఈ లోషన్‌లో ప్రధానంగా ఉండేది జింక్. గర్భిణులు వాడుకోవచ్చు. సీసా బాగా కుదిపి దూదితో పలచగా అద్దాలి. కళ్ల దగ్గర, నోటి దగ్గర, పుండ్ల మీద వద్దు. కొన్నిటిలో వేరే మందులు కూడా కలుపుతారు కాబట్టి సీసా మీది పేర్లు చదివి, ఒట్టి కాలమైన్‌నే ఎంచుకోవాలి.

ఓట్స్ నీళ్లు: రుచులేవీ కలపని ఓట్స్‌ను మిక్సీలో మెత్తటి పొడిగా పట్టాలి. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లగా మారిందంటే సరిగ్గా నలిగినట్టే. గోరువెచ్చటి బకెట్ నీళ్లలో గుప్పెడు కలిపి ఒంటిమీద మెల్లగా పోసుకుంటే చర్మం శాంతిస్తుంది. ఒక్క జాగ్రత్త... ఈ నీళ్లకు బాత్రూమ్ గచ్చు బాగా జారుతుంది. నిండు గర్భిణి పీట మీదో స్టూలు మీదో కూర్చునే పోసుకోవాలి. పక్కన ఒకరుంటే ఇంకా మంచిది.

గోళ్లు, బట్టలు: గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. వదులైన నూలు బట్టలే కట్టుకోవాలి. నిద్రలో గోకే అలవాటుంటే చేతులకు పలచటి నూలు తొడుగులు వేసుకోవచ్చు. గోకితే చర్మం చిట్లి చీము పడుతుంది. అప్పుడు యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది. తప్పించుకోగలిగిన మందు అది.

డాక్టరు రాసిస్తే భయమొద్దు

వీటితో తగ్గకపోతే? అమ్మ చెప్పినట్టు ఓర్చుకోనక్కర్లేదు. వారాల తరబడి నిద్రలేకపోవడం గర్భిణికి మంచిది కాదు కదా!

సాధారణంగా వైద్యులు తక్కువ ఘాటు స్టిరాయిడ్ క్రీముతో మొదలుపెడతారు. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ ఇలాంటిదే. స్టిరాయిడ్ అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ గర్భిణుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో చేసిన కాక్రేన్ సమీక్షలో, తక్కువ, ఓ మోస్తరు ఘాటున్న క్రీముల వల్ల బిడ్డలో లోపాలు, నెలలు నిండకుండా కాన్పు వంటి ముప్పు పెరిగినట్టు తేలలేదు. చాలా ఘాటైన క్రీముల్ని ఎక్కువ మోతాదులో వాడినవాళ్లలో మాత్రం బిడ్డ బరువు తగ్గే అవకాశం కనిపించింది. ఆ ఎక్కువ మోతాదు ఎంతంటే గర్భం మొత్తమ్మీద 300 గ్రాములు దాటడం. 15 గ్రాముల ట్యూబులు 20 అన్నమాట.

ఎంత రాయాలన్నదానికి ఓ కొలత ఉంది. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే, పలచగా రాయాలి. కనురెప్పల మీద, ముఖం మీద సొంతంగా రాయకూడదు.

దురదకు సెట్రిజిన్, లోరటడిన్ వంటి మాత్రలు రాయొచ్చు. గర్భిణులకు ఏళ్లుగా ఇస్తున్న మందులివి. అయితే మొక్కల అలర్జీ దురద వీటితో పూర్తిగా పోదు, కొంత ఊరటే. దద్దుర్లు ఒళ్లంతా వ్యాపించి, ముఖం వాచిపోతే కొద్దిరోజులు ప్రెడ్నిసలోన్ మాత్రలూ అవసరం కావచ్చు. ఈ మందులో చాలా భాగాన్ని మాయ నిర్వీర్యం చేసేస్తుంది. బిడ్డకు చేరేది కొద్దిగానే. అయినా ఎన్నో నెల, సుగర్ ఉందా, బీపీ ఉందా అన్నీ చూసి నిర్ణయించాల్సింది వైద్యులే.

పిన్ని ట్యూబు... అమ్మమ్మ కర్పూరం

మరి పక్కింటి పిన్ని ట్యూబు సంగతి? మందులషాపుల్లో ''దురదకు ఏదైనా ఇవ్వు బాబూ'' అంటే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావరకు క్లోబెటాసోల్, బీటామెథాసోన్ లాంటి ఘాటైన స్టిరాయిడ్‌కు యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపినవే. పైపైన ఎరుపు తగ్గుతుంది. ఆపగానే రెట్టింపు వేగంతో తిరగబెట్టవచ్చు. చర్మం పలచబడుతుంది. దద్దుర్లు కాక తామర అయితే లోలోపల ముదిరిపోతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇరుగింటి ట్యూబు పొరుగింటికి పనికిరాదు. గర్భిణికి అసలే పనికిరాదు.

అమ్మమ్మ కర్పూరం? పొక్కులు చితికిన చర్మం గుండా కర్పూరం రక్తంలో కలుస్తుంది. మాయ దాటి బిడ్డను చేరగలదు. కాబట్టి ఈ తొమ్మిది నెలలూ దురదకు దాన్ని వాడకపోవడమే మంచిది. అమ్మమ్మ మనసు నొచ్చుకోకుండా ఆ చల్లటి గుడ్డ వేసే పని ఆవిడకే అప్పజెప్పవచ్చు! పచ్చి పొక్కుల మీద వేపాకు ముద్ద, పసుపు, సున్నం, ఆకుపసర్లు పూయడం, దూలగొండికని పేడ రుద్దడం, పొక్కుల్ని సూదితో గుచ్చడం... ఇవేవీ వద్దు. పేడ తగిలిన గాయం నుంచి ధనుర్వాతం కూడా రావచ్చు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

ఏడో నెల అమ్మాయిని మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ దద్దుర్లు చూసింది. మొక్క కథ అంతా విన్నది. తర్వాత ఓ ప్రశ్న అడిగింది.

''అరచేతుల్లో, అరికాళ్లలో దురద ఉందామ్మా?''

చేతుల మీద దద్దుర్లుంటే అరికాళ్ల సంగతెందుకు? అమ్మకు అర్థం కాలేదు. కానీ ఆ గదిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే.

గర్భిణుల్లో దురదకు మరో కారణముంది. కాలేయం నుంచి పైత్యరసం సాఫీగా పారకపోవడం. వైద్యులు దీన్ని కొలెస్టాసిస్ అంటారు. ఎక్కువగా ఏడో నెల తర్వాత వస్తుంది. అరచేతులు, అరికాళ్లలో మొదలై, రాత్రిళ్లు మరీ వేధిస్తుంది. గోకిన గీతలే తప్ప దద్దుర్లు కనిపించవు. కొందరిలో మూత్రం ముదురురంగులోకి మారుతుంది. కళ్లు పచ్చబడవచ్చు. బ్రిటన్ వైద్యుల లెక్కల్లో అక్కడి గర్భిణుల్లో ఇది 0.7 శాతం మందికి వస్తుంటే, భారత్, పాకిస్థాన్ మూలాలున్నవారిలో 1.2 నుంచి 1.5 శాతం దాకా ఉంది.

తల్లికి ఇది దురదే. ప్రమాదం బిడ్డకు. రక్తంలో పైత్య ఆమ్లాలు లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు బాగా పెరుగుతుందని 2019లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. పైత్య ఆమ్లాల పరీక్ష, కాలేయ పరీక్ష చేయిస్తే విషయం తెలిసిపోతుంది. ఫలితాన్ని బట్టి మళ్లీ మళ్లీ పరీక్షలు చేస్తారు. అవసరమైతే కాన్పు కాస్త ముందుకు జరుపుతారు. కాన్పు తర్వాత దురద దానంతటదే పోతుంది. అంతేకానీ కామెర్లని పసరు తాగించడం, ''ఏదో మొక్క తగిలుంటుందిలే'' అని కాలమైన్ పూసుకుంటూ కూర్చోవడం... రెండూ పొరపాటే.

దద్దుర్లన్నీ మొక్కలవీ కావు. నెలలు నిండుతుండగా పొట్టమీది చారల్లో మొదలై, బొడ్డును వదిలేసి తొడలకు పాకే దద్దుర్లు కొందరికి, ముఖ్యంగా తొలిచూలువారికి వస్తాయి. ఇబ్బందే తప్ప బిడ్డకు హాని లేదు. బొడ్డు చుట్టూనే మొదలై పెద్దపెద్ద నీటిబుడగలు లేస్తే మాత్రం వెంటనే చూపించాలి. అది అరుదైన మరో జబ్బు కావచ్చు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* ఊపిరి ఆడకపోవడం, నాలుక, పెదవులు వాయడం... వెంటనే ఆసుపత్రికి.
* కళ్లు మూసుకుపోయేంత వాపు, నోట్లోనో జననాంగాల దగ్గరో పొక్కులు.
* జ్వరం, చీము, దద్దుర్ల చుట్టూ వేడి, నొప్పి.
* దద్దుర్లు లేకుండా దురద, అందులోనూ అరచేతుల్లో, అరికాళ్లలో.
* పచ్చబడిన కళ్లు, ముదురురంగు మూత్రం.
* బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం. దురదతో సంబంధం ఉన్నా లేకున్నా ఆ పూటే చూపించుకోవాలి.

పెరడు బాధ్యత ఇంట్లోవాళ్లది

గర్భిణి ఉన్న ఇంట్లో వయ్యారిభామను పీకే పని మిగతావాళ్లు తీసుకోవాలి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకాలి. కాల్చకూడదు. అమెరికాలో పాయిజన్ ఐవీనైతే అసలే కాల్చకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. మామిడికాయ ముచ్చిక తీసి, సొన కారిపోనిచ్చి, బాగా కడిగి, తొక్క చెక్కి ముక్కలుగా ఇవ్వండి. కంద చెక్కాలంటే చేతులకు నూనె రాసుకోవడం మనవాళ్లకు తెలిసిందే. ఆ పనీ ఇంకొకరికి అప్పగిస్తే సరి.

ఇంతకీ ఆ అమ్మాయి ఏం చెప్పిందంటారా? అరికాళ్లలో దురద లేదంది. అయినా ''ఎప్పుడు మొదలైనా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి'' అని చెప్పి పంపింది డాక్టరమ్మ. చల్లటి గుడ్డ, కాలమైన్, చేతులకు వారంపాటు తక్కువ ఘాటు క్రీము. నాలుగోరోజుకు కంటినిండా నిద్ర పట్టింది. రెండువారాలకు మచ్చలు మిగిలాయి, దురద పోయింది. పిన్ని ట్యూబు పిన్నింటికే వెళ్లింది. తడిగుడ్డ వేసింది అమ్మమ్మే. ప్రహరీగోడ పక్కన వయ్యారిభామను పీకింది... శెలవు పెట్టుకుని వచ్చిన అల్లుడుగారు!